ఒకే వాకిలి – పలు చిరునామాలు
మిథ్యాయంత్రములకు నిల్వజాలముతో సంబంధము కలుగు విధము

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణపుటొడ్డున, 1920లో హైకోర్టునకు నెలవైన ఎఱ్ఱరాతి భవనము కలదు. అట్టి న్యాయస్థానముల రికార్డుగదులలోని ఒక్కొక్క కాగితపుకట్ట ఏదో ఒక కుటుంబము యొక్క ఇంటికో, పొలమునకో, పరువునకో ఆధారము. కాగితమునకు నీటిభయము, నిప్పుభయము రెండును కలవు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదను నగరము నేటికిని మరువలేదు. 2009లో ఆ భవనములోనే అగ్నిప్రమాదము జరిగెను. న్యాయస్థానముల పనిని కంప్యూటర్లపైకి మార్చుటకై ఈ-కోర్టుల పథకము 2007లో దేశమంతట ఆరంభమైనది. 2023లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన దాని మూడవ దశకు 7,210 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. పాత రికార్డులను అంకెల రూపములోనికి మార్చుట అందొక ముఖ్యభాగము.

కాగితముల కాలములో రికార్డు గుమాస్తా వచ్చినవాని ముఖము చూచి, దరఖాస్తు చదివి, సంతకము పోల్చి కట్ట నిచ్చెడివాడు. కంప్యూటరుకు ముఖము తెలియదు. దాచినచోటి నుండి సమాచారమును కోరుచున్న దెవరో అది ఎట్లు గుర్తించును? ఒకే యంత్రము లోపల పది యంత్రములు కాపురమున్నప్పుడు ఆ గుర్తింపు ఏమగును? ఈ వ్యాసమునకు విషయము ఈ ప్రశ్నయే. ఏ కార్యాలయము ఏ పద్ధతిని వాడుచున్నదను విచారణ ఇచట లేదు. సూత్రమును గ్రహించుటకు ఒక ఊహాకార్యాలయమును తీసికొనిన చాలును.

నిల్వజాలము అనగా నేమి?

బడిలోని కంప్యూటరులో డిస్కు ఆ పెట్టెలోపలనే ఉండును. ఇది పెరటిలోని బావి వంటిది. ఎవరి బావి వారిదే. కార్యాలయములో ఇరువది కంప్యూటర్లున్నచో కొన్నిటి డిస్కులు నిండిపోవును, కొన్ని సగము ఖాళీగా నుండును. నిండినదానికి ఖాళీగా నున్నది అక్కరకు రాదు. ఒక కంప్యూటరు చెడినచో దానిలోని డిస్కు బాగుగనే యున్నను, అందలి సమాచారము అప్పటికి అందదు.

1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైన పిమ్మట దూరపు జలాశయముల నీరు గొట్టముల ద్వారా నగరములోని ఇండ్లకు చేరినది. డిస్కుల విషయమునను ఇట్టి ఏర్పాటే చేయుదురు. డిస్కులన్నిటిని ఒకచోట చేర్చి, వానికిని కంప్యూటర్లకును నడుమ ప్రత్యేకమైన తీగలను, స్విచ్చులను అమర్చుదురు. ఈ ఏర్పాటునకు స్టోరేజి ఏరియా నెట్‌వర్కు అని పేరు. దీనిని తెలుగున నిల్వజాలము అనవచ్చును. డిస్కుల రాశిని అలమారలోని అరలవలె భాగములు చేసి, ఒక్కొక్క అరకు ఒక సంఖ్య నిత్తురు. సాంకేతికులు ఈ అరను "లన్" అందురు. ఒక కంప్యూటరుకు ఒక అర నిచ్చినచో, అది దానిని తన సొంత డిస్కుగనే భావించి వ్రాయును, చదువును.

అయితే నీటి పోలిక ఇంతవరకే పనికివచ్చును. నీరు ఏ ఇంటికి చేరినను నీరే. సమాచార మట్లు కాదు. ఒకరి సంగతి యొకరికి తెలియని రెండు కంప్యూటర్లు ఒకే అరలో వ్రాయ మొదలిడినవనుకొందము. ఏ చోటు ఖాళీగా నున్నదో తెలుపు పట్టికను ప్రతి కంప్యూటరు తన జ్ఞాపకములో నుంచుకొనును. మొదటిది వ్రాసిన చోటు రెండవదాని పట్టికలో ఇంకను ఖాళీగనే యుండును. కావున అది అదే చోట మరల వ్రాయును. ఇద్దరు గుమాస్తాలు ఒకే చిట్టాలోని ఒకే పుటపై, ఒకరు వ్రాసినదానిపై నొకరు, వ్రాసినట్లగును. కొద్దిసేపటిలో రెండింటి వ్రాతయు చెడును. కావున ఏ అర ఎవరిదో ముందుగ నిర్ణయించి, ఇతరులకు దానిని కనబడకుండ చేయుట నిల్వజాలమున ప్రథమ నియమము.

పేరు వేరు, చిరునామా వేరు

నిల్వజాలములలో ప్రసిద్ధమైనది ఫైబర్ ఛానెల్ పద్ధతి. ఇది 1994లో అమెరికా జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. ఇందు సమాచారము సాధారణముగా సన్నని గాజునారలలో కాంతిరూపమున ప్రయాణించును. కంప్యూటరులో హోస్ట్ బస్ అడాప్టరు అను కార్డు నమర్తురు. ఆ కార్డునకు నార తగిలించు చోటు పోర్టు, అనగా ద్వారము.

ప్రతి ద్వారమునకు రెండు గుర్తులుండును. మొదటిది పేరు. ఇది 64 బిట్ల సంఖ్య. షోడశాంశ పద్ధతిలో, అనగా పదునారు అంకెల లెక్కలో, వ్రాసినచో 16 స్థానములు పట్టును. ప్రపంచమున రెండు ద్వారములకు ఒకే పేరు రాకుండుటకై కార్డు తయారుచేయు సంస్థ తనకు కేటాయింపబడిన సంకేతమును అందు చేర్చును. అందుచేత దీనికి వరల్డ్ వైడ్ పోర్ట్ నేమ్ అని పేరు. దీనిని విశ్వనామము అందము. రెండవ గుర్తు చిరునామా. ఇది 24 బిట్ల సంఖ్య మాత్రమే. కార్డును స్విచ్చికి తగిలించినప్పుడు స్విచ్చి దీనిని కేటాయించును. అందు మొదటి 8 బిట్లు ఏ స్విచ్చియో తెలుపును. తక్కిన 16 బిట్లు ఆ స్విచ్చిలో ఏ చోటో తెలుపును. కార్డును వేరొక స్విచ్చికి మార్చినచో చిరునామా మారును, విశ్వనామము మారదు. మనుష్యుడు ఇల్లు మారినను వాని పేరు మారదు గదా!

కార్డు జాలములో చేరు వరుస యిది. నార తగిలింపగానే కార్డు స్విచ్చికి తన విశ్వనామమును తెలిపి చిరునామా కోరును. దీనిని ఫాబ్రిక్ లాగిన్ అందురు. స్విచ్చి చిరునామా నిచ్చును. పిమ్మట కార్డు తన పేరును, చిరునామాను జాలములోని నామపట్టికలో నమోదు చేయించుకొని, తనకు అనుమతింపబడిన నిల్వపెట్టె లెవ్వియో తెలిసికొని వాని తలుపు తట్టును.

త్రోవలో రెండు కాపలాలుండును. స్విచ్చిలోని కాపలా, ఏ పేరుగల ద్వారము ఏ పేరుగల ద్వారముతో మాటాడవచ్చునో నిర్ణయించును. దీనికి జోనింగు అని పేరు. నిల్వపెట్టెలోని కాపలా, ఏ పేరువానికి ఏ అర చూపవలెనో నిర్ణయించును. దీనికి లన్ మాస్కింగు అని పేరు. జోనింగును స్విచ్చిలోని స్థానమును బట్టియు చేయవచ్చును గాని, విశ్వనామమును బట్టి చేయుటయే వాడుక. కావున భద్రత యంతయు ఆ పేరుపై నాధారపడియున్నది.

మిథ్యాయంత్రము

సమతల దర్పణములో కనబడునది మిథ్యా ప్రతిబింబమని విద్యార్థులు చదివియుందురు. దానిని తెరపై పట్టలేము. మిథ్యాయంత్రము, అనగా వర్చువల్ మెషీను, కొంత అట్టిదే. దానికి వేరుగ ఇనుపపెట్టె లేదు. కాని దర్పణములోని దీపము వెలుగు నీయకపోయినను, మిథ్యాయంత్రము మాత్రము నిజమైన పని చేయును.

ఒక పెద్ద కంప్యూటరులో హైపర్‌వైజరు అను పర్యవేక్షక ప్రోగ్రామును నడిపింతురు. అది గణనసామర్థ్యమును, జ్ఞాపకమును పంచి పలు మిథ్యాయంత్రములకు ఇచ్చును. ప్రతి మిథ్యాయంత్రమును తానొక పూర్తి కంప్యూటరు ననియే భావించును. ఈ ఊహ క్రొత్తది కాదు. ఐబీఎం సంస్థవారు 1960లలోనే దీనిని పెద్ద కంప్యూటర్లపై సాధించి, 1972లో వీఎం/370 అను పేరుతో ప్రకటించిరి. సాధారణ సర్వర్లకు తగిన ఈఎస్‌ఎక్స్ అను పర్యవేక్షక ప్రోగ్రామును వీఎంవేర్ సంస్థ 2001లో వెలువరించెను. నేడు కంప్యూటరు కేంద్రములలో ఒక సర్వరుపై పదుల కొలది మిథ్యాయంత్రములు నడచుట సామాన్యము.

చిక్కు ఎక్కడ?

మన ఊహాకార్యాలయములో ఒక సర్వరు కలదు. దానిపై నాలుగు మిథ్యాయంత్రములు నడచుచున్నవి. మొదటిది కేసుల పట్టికను, రెండవది తీర్పుల నకళ్ళను, మూడవది ఉద్యోగుల జీతముల లెక్కను చూచును. నాల్గవది ప్రజలు బయటినుండి తమ కేసుల తేదీలు చూచుకొనుటకు ఉద్దేశింపబడినది. సర్వరులో ఉన్న ఫైబర్ ఛానెల్ కార్డు ఒకటే. దాని విశ్వనామమును ఒకటే.

నాలుగు యంత్రముల కోరికలును ఆ ఒక్క పేరుతోనే బయటికి పోవును. స్విచ్చికిని, నిల్వపెట్టెకును కనబడునది ఆ ఒక్క పేరే. పట్టికను కోరినది కేసుల యంత్రమో, వీధి వైపు తెరచియున్న నాల్గవ యంత్రమో వానికి తెలియదు. కాపలావాడు నిద్రపోలేదు; అయినను వానికి ముఖములు వేరుగ కనబడుటలేదు.

పాతబస్తీలోని దేవిడీలను ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును. వీధివైపు ఒక పెద్ద దర్వాజా. లోపల విశాలమైన ఆవరణము. ఒకప్పుడు ఒకే కుటుంబముండిన అట్టి ఆవరణము పంపకములైన పిమ్మట పలు కాపురములకు నెలవగుట కలదు. అందరి ఉత్తరములును దర్వాజా పేరుననే వచ్చుచున్నచో తపాలాజవానుకు అది యంతయు ఒకే ఇల్లు. లోపల ఎవరి ఉత్తరము ఎవరికీయవలెనో దర్వాజాకడి మనిషి నిర్ణయించును. అతడు పొరబడినచో, ఒకరి దావా నోటీసు వేరొకరి చేతికి పోవును. తపాలాకార్యాలయ పుస్తకములలో ఆ పొరపాటుకు జాడయైనను ఉండదు.

ఆ దర్వాజామనిషి పని చేయునదే హైపర్‌వైజరు. పెక్కుచోట్ల అది ఒక పెద్ద అరను తానే తీసికొని, అందు ఒక్కొక్క మిథ్యాయంత్రపు డిస్కును ఒక్కొక్క ఫైలుగ నుంచి పంచిపెట్టుచుండును. సామాన్యమైన పనులకు ఈ పద్ధతి చాలును. కాని కొన్ని యంత్రములకు నిల్వపెట్టెలోని అరతో నేరుగ సంబంధము కావలసియుండును. రెండు యంత్రములు కూడబలుకుకొని ఒకే అరను వాడు ఏర్పాట్లకును, టేపులపై నకలు తీయు పెట్టెలతో పనిచేయుటకును ఇది అవసరము. ఏ యంత్రము ఎంత రాకపోక చేయుచున్నదో స్విచ్చివద్దనే కొలువవలెనన్నను వేరువేరు పేర్లు కావలయును.

మిథ్యాద్వారము

దీనికి పరిష్కారము సులభమైన ఊహ. దేవిడీలోని ప్రతి కాపురమును తన పేరుతో తపాలాకార్యాలయమున నమోదు చేయించుకొని, వేరు ఇంటిసంఖ్య పొందినచో, దర్వాజా ఒకటేయైనను ఉత్తరములు కలిసిపోవు. ఇట్లే ఒక అసలు ద్వారము వెనుక పలు మిథ్యాద్వారముల నుంచి, ఒక్కొక్కదానికి సొంత విశ్వనామమును, సొంత చిరునామాను ఇచ్చు పద్ధతికి ఎన్‌పోర్ట్ ఐడీ వర్చువలైజేషన్, సంక్షిప్తముగ ఎన్‌పీఐవీ, అని పేరు. దీనిని రూపొందించుటలో ఐబీఎం, ఎమ్యులెక్స్ సంస్థలు ముందు నడచినవి. 2005లో ప్రకటింపబడిన ఐబీఎం వారి సిస్టమ్ జెడ్9 పెద్ద కంప్యూటర్లలో ఇది వాడుకకు వచ్చెను. వీఎంవేర్ వారి ఈఎస్‌ఎక్స్ 3.5లో 2007లోను, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సర్వర్ 2012లోను ఈ సదుపాయము చేరినది.

పని జరుగు వరుస గమనింపదగినది. మొదట అసలు కార్డు ఎప్పటివలెనే ఫాబ్రిక్ లాగిన్ చేసి చిరునామా పొందును. ఉదాహరణకు స్విచ్చి దానికి షోడశాంశ పద్ధతిలో 010400 అను చిరునామా నిచ్చినదనుకొందము. పిమ్మట కేసుల యంత్రము మేల్కొనును. హైపర్‌వైజరు దానికై ఒక మిథ్యాద్వారమును సృష్టించి, దానికి నియమింపబడిన విశ్వనామముతో స్విచ్చికి మరియొక సందేశము పంపును. ఒకే ద్వారమునుండి రెండవమారు పూర్తి లాగిన్ చేసినచో స్విచ్చి మొదటిది రద్దైనదని తలచును. కావున రెండవ సందేశము ఎఫ్‌డిస్క్ అను వేరు రూపములో నుండును. (ఈ పేరునకు డిస్కుతో సంబంధము లేదు.) చిరునామా ఇంకను లేదని సూచించుటకు పంపువాని గడిలో అన్నియు సున్నలుంచి, క్రొత్త పేరు తెలిపి, "ఈ వాకిట మరియొకరము కలము, మాకును చిరునామా కావలెను" అని కోరుట దాని భావము.

స్విచ్చి అంగీకరించి 010401 అను చిరునామా నిచ్చును. తీర్పుల యంత్రమునకు 010402, తరువాతి వానికి 010403, 010404 – ఈ విధముగ చివరి స్థానములు మారును. ఇట్లు కేటాయించు స్విచ్చిలో మొదటి 16 బిట్లు దర్వాజాను, చివరి 8 బిట్లు లోపలి కాపురమును తెలిపినట్లగును. 8 బిట్లలో 256 విలువలు కుదురును. వాస్తవముగ ఎన్ని మిథ్యాద్వారములు సాధ్యమో కార్డును, స్విచ్చిని బట్టి యుండును.

ఇంతటితో ప్రతి మిథ్యాయంత్రమును నామపట్టికలో సొంత పేరుతో నిలుచును. స్విచ్చిలోను, నిల్వపెట్టెలోను కాపలాలు ఇప్పుడు వేరువేరు ముఖములను చూడగలవు. కేసుల పట్టిక ఉన్న అర కేసుల యంత్రము పేరునకే కనబడును. ప్రజలు చూచు యంత్రము తన పేరుతో ఆ అరను కోరినచో, అది ఉన్నదనియే దానికి తెలియదు.

యంత్రము వలసపోయినప్పుడు

సాలార్‌జంగ్ సేకరణలు 1951లో దివాన్‌దేవిడీలో ప్రదర్శనశాలగ తెరువబడి, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనమునకు మారినవి. వస్తువు భవనము మారినంతమాత్రమున దాని గుర్తు మారరాదు. గది సంఖ్యయే గుర్తైనచో తరలించినదినమున అన్నియు తారుమారగును. మిథ్యాయంత్రమునకును వలస కలదు. పని ఆపకుండగనే దానిని ఒక సర్వరునుండి వేరొక సర్వరునకు మార్చవచ్చును. పాతపద్ధతిలో అనుమతి సర్వరు కార్డుకు చెందినది. కావున యంత్రము పోగల ప్రతి సర్వరునకును అన్ని అరలను చూపవలసియుండెను. విశ్వనామము యంత్రమునకే చెందినచో, అనుమతి దానివెంటనే పోవును.

ఇచట నొక సూక్ష్మము కలదు. క్రొత్తచోట అరలన్నియు కనబడుచున్నవని నిశ్చయించుకొనక పాతచోటును విడువరాదు. అనగా కొంతసేపు రెండుచోట్లను లాగిన్ యుండవలెను. ఒకే పేరువాడు ఏకకాలమున రెండు వాకిళ్ళలో నిలిచినచో జాలము కలతపడును. అందుచేత మైక్రోసాఫ్ట్ పద్ధతిలోను, ఐబీఎం వారి పవర్ సర్వర్లలోను ప్రతి మిథ్యాకార్డుకు జంటపేర్లు ఇత్తురు. యంత్రము మొదటిపేరుతో పనిచేయుచుండగ, క్రొత్తచోట రెండవపేరుతో లాగిన్ అగును. అంతయు సరిగ నున్నచో పాతదానిని విడుచును. మరుసటి వలసలో మరల మొదటిపేరు వాడుకకు వచ్చును.

కాపలాదారుల పట్టికలలో ఒక్క పేరే వ్రాసి రెండవది మరచినచో ఏమగును? మామూలు దినములలో ఏ లోపమును కనబడదు. సర్వరు మరమ్మతునకై యంత్రమును మార్చబోయిన దినమున మాత్రమే, అత్యవసర సమయమున, వలస నిలిచిపోవును. ఇట్టి పనులలో తప్పు చేసిన దినము ఒకటి, అది బయటపడు దినము మరియొకటి. కావున యంత్రమును ముందుగనే ఒకమారు మార్చి చూచుట ఉత్తమము.

పరిమితులు

ఈ పద్ధతికి కార్డు, స్విచ్చి, హైపర్‌వైజరు మూడును అనుకూలించవలెను. స్విచ్చిలో ఈ సదుపాయము తెరచియుండవలెను. పేర్లు పెక్కైనను గాజునార ఒకటే గనుక, దాని వేగమును అందరును పంచుకొనవలెను. అది తెగినచో అందరికిని ఒకేమారు దారి మూసికొనిపోవును. అందుకే రెండు కార్డులను, వేరువేరు స్విచ్చులతో రెండు దారులను ఉంచుట ఆచారము.

అన్ని సంస్థల ఏర్పాట్లును ఒకే తీరున ఉండవు. వీఎంవేర్ పద్ధతిలో మిథ్యాయంత్రమునకు చూపిన అర సర్వరు యొక్క అసలు కార్డులకును కనబడవలెనను నియమము కలదు. అట్టిచోట హైపర్‌వైజరును వశము చేసికొన్నవాడు ఆ అరను చేరగలడు.

ఇంకొక ముఖ్యవిషయము: పేరు చెప్పుట వేరు, పేరు రుజువు చేయుట వేరు. మిథ్యాద్వారపు విశ్వనామము ప్రోగ్రాము నియమించినదే గనుక, హైపర్‌వైజరుపై అధికారము గలవాడు వేరొకరి పేరును పెట్టగలడు. రహస్యపదముతో గుర్తింపును రుజువు చేయించు పద్ధతులు ఫైబర్ ఛానెల్ ప్రమాణములలో వేరుగ కలవు. మిథ్యాద్వారము పొరపాటును నిలుపును. దొంగను నిలుపుటకు తాళము వేరుగ వేయవలెను. వరదకును, నిప్పునకును మందు దూరమున నుంచిన రెండవ నకలు మాత్రమే.

తరగతిలో చూపు విధము

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటరు లేకుండగనే చూపవచ్చును. నలుగురు విద్యార్థులను తలుపు మూసిన గదిలో నుంచి, ఒక కిటికీనుండి చీట్లు బయటికి పంపుమనవలెను. బయట ఒక విద్యార్థి స్విచ్చి, మరియొకడు నాలుగు పెట్టెలు గల నిల్వదారు. మొదట చీట్లపై గది పేరు మాత్రమే వ్రాయించినచో, ఎవరు ఏ పెట్టెను కోరినను నిల్వదారు కాదనలేడు. రెండవమారు ప్రతి చీటిపై సొంత పేరు వ్రాయించి, నిల్వదారునకు పేర్ల పట్టిక నీయవలెను. కిటికీ అదే, చీట్లు అవే. అయినను ఎవరి పెట్టె వారికే తెరచుకొనును. మూడవమారు ఒక విద్యార్థిని ప్రక్కగది కిటికీకి పంపినచో, వాని పేరే వానికి అనుమతిపత్రమగుట పిల్లలు కన్నులార చూతురు. ఒక కొంటెపిల్లవాడు తోటివాని పేరు వ్రాసి పంపినచో పై పరిమితియు తెలియవచ్చును.

గుర్తింపు ఇనుపపెట్టెకు చెందక, సమాచారమునకు బాధ్యత వహించు యంత్రమునకే చెందవలెననునది ఈ పద్ధతికి మూలసూత్రము. న్యాయస్థానములో ఇంటిపట్టా, ఆసుపత్రిలో రోగి చరిత్ర, పరీక్షశాఖలో విద్యార్థి మార్కులు – ఇవన్నియు ఇట్టి అరలలో దాగుచున్న కాలమిది. వానికై చేయి చాచినది ఎవరో ప్రతిమారును తెలియుచుండవలెను. ఆ తెలివిడికి ఆధారము పదునారు స్థానముల ఒక సంఖ్య. దానిని పట్టికలో తప్పులేకుండ వ్రాసిన మనుష్యుని శ్రద్ధ.